ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు

ముందు ఇద్దరే టీచర్లున్న ప్రాథమిక బడిది ఒక చిన్న లెక్క. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు. మూడు నుంచి ఐదు దాకా వీటికి పరిసరాల విజ్ఞానం తోడవుతుంది. ఆరూ పన్నెండూ కలిపి రోజుకు 18 పాఠాలు. చెప్పేవాళ్ళు ఇద్దరు. ఒక్కొక్కరు గొంతు తడుపుకోకుండా ఎనిమిది పీరియడ్లు చెప్పినా 16 దగ్గర ఆగిపోతారు. వంట చూసుకోవడం, యాప్‌లు, ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసు ఫోన్లు ఇందులో ఇంకా కలపలేదు.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు. 60 దాటితేనే మూడో మనిషి. పల్లెల్లో చాలా బడులు ఆ 60కి ఇవతలే ఉంటాయి. ఆంధ్రలో ఈ మధ్య వచ్చిన మోడల్ ప్రైమరీ స్కూళ్ళలో తరగతికో టీచర్ ఉంటారు కాబట్టి ఈ రాత వాళ్ళకి అంతగా పనికిరాదు. టీచర్ల నియామకాలకి జరిపే డీఎస్సీలో తెలంగాణ 2024లో 11,062 పోస్టులు, ఆంధ్రలో 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ప్రకటించారు. అందులో ఎస్జీటీలుగా, అంటే ప్రాథమిక తరగతుల టీచర్లుగా చేరి, ఇద్దరు టీచర్ల బడికి వెళ్ళినవాళ్ళ కోసం ఇది. డీఎడ్ శిక్షణలో రాయించిన పాఠ్యప్రణాళికలన్నీ ఒక గదిలో ఒకే తరగతి ఉంటుందనుకుని రాసినవి. ఇక్కడ ఏ నిమిషంలో చూసినా మూడు తరగతులకు టీచర్ ఉండరు. ఆ మూడు తరగతుల పిల్లలు అప్పుడు ఏం చేస్తున్నారన్న దాని మీదే రోజంతా నడుస్తుంది.

మామూలుగా ఒకటి, రెండు ఒకరు, మూడు, నాలుగు, ఐదు ఇంకొకరు పంచుకుంటారు. సీనియర్ అయిన హెడ్మాస్టర్ పెద్ద తరగతులు తీసుకుని, కొత్తగా వచ్చినవాళ్ళకి ఒకటో తరగతి అంటగట్టడం అలవాటు. ఇది తిరగబడాలి. చదవడం ఇద్దరిలో ఎవరికి బాగా నేర్పడం వచ్చో వాళ్ళకే ఒకటీ రెండూ ఇవ్వాలి. రెండో తరగతి అయ్యేసరికి కూడబలుక్కుని అయినా చదవలేని పిల్లకి మూడో తరగతి పరిసరాల విజ్ఞానం పుస్తకం బొమ్మల పుస్తకమే.

బెల్లు తొమ్మిదింటికి అనుకుంటే టీచర్ 8:40కి బడిలో ఉండాలి. ఆ ఇరవై నిమిషాల్లో చేయాల్సిన పని ఒకటే: మూడు తరగతులకు మూడు పనులు బోర్డు మీద రాసి ఉంచడం. బోర్డును సుద్దతో నిలువుగా మూడు భాగాలు చేసి, పైన 3, 4, 5 అని వేసి, కింద ఆ తరగతి మొదటి పని రాయాలి. పిల్లల్ని ఎదురుగా పెట్టుకుని రాయడం మొదలుపెడితే వీపు వాళ్ళవైపు ఉంటుంది, పన్నెండు నిమిషాలు పోతాయి, ఆ పన్నెండు నిమిషాల్లో గది పూర్తిగా చేజారుతుంది. ఒకటీ రెండుకి గోడ కింది భాగంలో నడుము ఎత్తు దాకా నల్లరంగు వేయించి, ఒక్కో పిల్లకి రెండడుగుల వెడల్పు చోటు గీసిస్తే అదే వాళ్ళ బోర్డు. పది మంది ఒకేసారి రాస్తుంటే టీచర్ నిలబడిన చోటి నుంచే తప్పులు కనిపిస్తాయి. నోటుపుస్తకాల్లో రాయిస్తే ఆ సుఖం ఉండదు.

ప్రార్థన పదిహేను నిమిషాలకు మించనివ్వకండి. జాతీయగీతానికి పట్టేది 52 సెకన్లు. రాష్ట్ర గీతం, ప్రతిజ్ఞ, వార్తలు, ఒక మంచిమాట కలిపినా పది నిమిషాల్లో అయిపోవాలి. సాగదీసేది మన ఉపన్యాసాలే. ఎండలో నిలబెట్టి క్రమశిక్షణ గురించి చెప్తే ఒకటో తరగతి పిల్లలు కళ్ళు తిరిగి కూర్చుండిపోతారు, చాలామంది పొద్దున ఏమీ తినకుండా వస్తారు మరి. అన్నట్టు, దేశంలోని బడులన్నిటా చెప్పే ప్రతిజ్ఞను 1962లో తెలుగులో రాసింది పైడిమర్రి వెంకట సుబ్బారావు. ఆయన సొంతూరు నల్గొండ జిల్లా అన్నెపర్తి, అప్పుడు ఉద్యోగం విశాఖపట్నంలో, జిల్లా ఖజానా అధికారిగా. నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు ఈ మాట ఒకసారి చెప్పండి. రోజూ బట్టీగా అప్పజెప్పేదాన్ని ఒక మనిషి కూర్చుని రాశాడని తెలియడం వాళ్ళకి కొత్త.

హాజరు రెండుచోట్ల: పట్టీలో, ఫోన్‌లో. సిగ్నల్ లేకపోతే ఫోన్ పట్టుకుని గేటు దాకా తిరిగే పని ఇద్దరిలో ఒక్కరిదే కావాలి, ఇంకొకరు గది వదలకూడదు. పట్టీలో మాత్రం పేర్లు ఊరికే పిలుచుకుంటూ పోకండి. రానివాడి పక్కింటి పిల్లని అప్పుడే అడగాలి. "పత్తి ఏరడానికి పోయిండు సార్", "చెల్లిని పట్టుకోవాలంట టీచర్", "ఊరెళ్ళారు". ఈ మూడు జవాబులకూ మందు వేరు. పత్తి, మిరప పనుల రోజుల్లో వరసగా మూడు రోజులు రాకపోతే సాయంత్రం ఇంటికి వెళ్ళాలి. వారం దాటాక వెళ్తే పిల్లకు అప్పటికే కూలి డబ్బు అలవాటై ఉంటుంది.

ఇక పాఠం. 45 నిమిషాల పీరియడ్‌లో మూడు తరగతులుంటే ఒక్కో తరగతికి దక్కేది పదిహేను నిమిషాలు. కొత్తవాళ్ళు చేసే మొదటి తప్పు, ఐదో తరగతికి చెప్తూ మిగతా రెండు తరగతులకీ "పాఠం చూసి రాయండి" అనడం. చూసి రాయడం అంత పనికిమాలిన పని ఇంకోటి లేదు. పిల్లవాడు అక్షరాన్ని బొమ్మలా గీస్తాడు, చదవడు. కావాలంటే పేజీ నిండా చక్కగా రాసిన పుస్తకం తీసుకుని, మధ్యలో ఒక పదం మీద వేలు పెట్టి చదవమనండి. పైకి కిందికి చూస్తాడు, వాక్యం మొదటినుంచి అప్పజెప్పుకుంటూ వచ్చి ఆ పదం దగ్గర ఆగుతాడు.

టీచర్ లేకుండా నడిచే పనికి మూడు గుణాలుండాలి. నిన్న నేర్చుకున్నదానిదే అయ్యుండాలి, కొత్తది కాకూడదు. జవాబు బోర్డు మీద దొరకకూడదు. ముందు అయిపోయినవాళ్ళకి తర్వాతి పని అక్కడే ఉండాలి. ఉదాహరణకి నాలుగో తరగతికి: "మీ ఇంట్లో ఉన్న వస్తువుల పేర్లు, ఒత్తు ఉన్నవి పది రాయండి. అయిపోతే ఏవైనా మూడిటితో వాక్యాలు." ఇది పదిహేను నిమిషాలు కచ్చితంగా పడుతుంది. "ఐదు కూడికలు చేయండి" అంటే ముగ్గురికి నాలుగు నిమిషాల్లో అయిపోతుంది, ఆ తర్వాత ఆ ముగ్గురూ కలిసి మిగతావాళ్ళని పని చేసుకోనివ్వరు.

పని ఇచ్చాక చతికిలపడేది చాలాసార్లు పెన్సిల్ దగ్గర. ముక్కు విరిగింది, షార్ప్‌నర్ లేదు, పక్కవాడిది అడిగాడు, వాడివ్వలేదు, ఏడుపు. ఒక డబ్బాలో చెక్కిన పెన్సిళ్ళు పది ఉంచండి. విరిగినది డబ్బాలో వేసి చెక్కినది తీసుకోవాలి, అంతే. వాటిని చెక్కే పని మధ్యాహ్నం ఐదో తరగతి పిల్లలది, షార్ప్‌నర్‌తోనే, బ్లేడుతో కాదు. ఒకటో తరగతికైతే పలకే మేలు. తుడిచి మళ్ళీ రాయొచ్చు, తప్పుకి భయం ఉండదు. తడిగుడ్డ ముక్క ఒక మూతడబ్బాలో పెట్టించకపోతే ఉమ్మితో తుడుస్తారు.

ఒకటో తరగతిలో అక్షరమాలను అ నుంచి ఱ దాకా వరసగా దిద్దించుకుంటూ పోతే దసరాకి కూడా ఒక్క పదం చదవలేరు. జ, డ, త, ల, వ, ప, గ ఈ ఏడూ తీసుకోండి. జడ, తల, వల, పడవ, గడప, గడ, పగ, తపతప. గుణింతం, ఒత్తు అవసరం లేకుండా ఏడు అక్షరాలతో ఇన్ని పదాలు. బొమ్మ చూపించి మాట అనిపించి, పదం రాసి, అక్షరాలుగా విడదీసి, మళ్ళీ తారుమారు చేసి కలపాలి. ఆ చివరిది మర్చిపోతే నేర్చింది నిలవదు. "వల" వచ్చినవాడికి "లవ" అని రాసి చూపిస్తే, నవ్వుతూనైనా సరిగా చదివాడంటే అక్షరం వచ్చినట్టు. మళ్ళీ "వల" అన్నాడంటే బొమ్మ గుర్తుపట్టాడు గానీ అక్షరం రాలేదు.

వ, ప దగ్గర అందరూ తడబడతారు. వ పైన మూసుకుని ఉంటుంది, తలకట్టు అంటుకుంటుంది. ప నోరు తెరిచి ఉంటుంది, తలకట్టు విడిగా నిలుస్తుంది. ఈ తేడాని వేలితో గోడబోర్డు మీద దిద్దించి చూపాలి, "సరిగ్గా చూడు" అంటే కుదరదు. మ, య ఈ గుంపులోవే కానీ వాటిని ఆ వారమే చెప్పకండి. వ, పలకీ మ, యలకీ మధ్య కనీసం రెండు వారాల ఎడం ఉండాలి.

ఒత్తుల సంగతి ఇంకో తమాషా. త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు. పిల్లల నోట్లో ముందునుంచీ ఉన్న మాటలేమో అమ్మ, నాన్న, అత్త, అయ్య, పిల్ల. అంటే ఇంట్లో మొదట పలికే మాటలే బళ్ళో చివర వచ్చే పాఠం. అందుకని ఈ ఐదు మాటల్నీ ఒత్తుల పాఠం దాకా ఆపక్కర్లేదు. మొదటి నెలలోనే అట్టముక్కల మీద రాసి, మాట మొత్తం గుర్తుపట్టేలా గోడకి అంటించండి. ఒత్తులు చెప్పే రోజున అవే ఉదాహరణలు, కొత్తగా వెతుక్కోవాల్సిన పని లేదు. గుణింతాల్లో మొ, యొ విడిగా చెప్పాలి. కొ, తొ రాసినట్టే మొక్కని కూడా రాయబోయి చాలామంది ఎక్కడ వంపు పెట్టాలో తెలీక ఆగిపోతారు. అది అశ్రద్ధ కాదు, ఆ రెండిటి రాత నిజంగానే వేరు.

లెక్కల్లో రెండు తప్పులు ప్రతి బడిలోనూ ఉంటాయి. మొదటిది 42 లోంచి 17 తీస్తే 35 అని రాయడం. పిల్లవాడు ఒకట్ల దగ్గర 2 లోంచి 7 పోదు కాబట్టి 7 లోంచి 2 తీసేశాడు. "అప్పు తెచ్చుకో" అని వందసార్లు చెప్పినా ఇది పోదు, ఎందుకంటే అప్పు ఎక్కడినుంచి, ఎంత తెస్తున్నాడో వాడికి కనిపించడం లేదు. చీపురు పుల్లల్ని బెత్తెడు ముక్కలుగా తుంచి, పది పదిగా రబ్బరు బ్యాండు వేసి కట్టండి. నలుగురి గుంపుకి పది కట్టలు, ఇరవై విడిపుల్లలు. నాలుగు కట్టలు, రెండు పుల్లలు ముందు పెట్టి పదిహేడు ఇమ్మనండి. ఏడు పుల్లలు లేవు, వాడే కట్ట విప్పుతాడు. ఆ విప్పడమే పాఠం. టీచర్ విప్పి చూపిస్తే సగం పాఠం పోయినట్టే. రెండోది, నూట ఐదుని 1005 అని రాయడం. విన్నది విన్నట్టు రాశాడు, పాపం: నూరు, ఐదు. 100 అని పొడుగు అట్టముక్క, 5 అని పొట్టి అట్టముక్క చేసి, పొట్టిదాన్ని చివరి సున్నా మీద పెట్టిస్తే 105 కనిపిస్తుంది. పాత కాలెండర్ అట్టలు చాలు.

పదిన్నరకల్లా భోజనాల సంఖ్య వంటమ్మకి చేరాలి. ప్రాథమిక పాఠశాల పిల్లకి కేంద్రం లెక్క రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. 34 మంది వస్తే బియ్యం 3 కిలోల 400 గ్రాములు, పప్పు 680 గ్రాములు, కూరగాయలు కిలో 700, నూనె 170 గ్రాములు. ఈ సంఖ్యల్ని ఇరవై నుంచి అరవై దాకా ఒక కాగితం మీద పట్టికలా రాసి వంటగది తలుపుకి అంటిస్తే రోజూ గుణించే పని తప్పుతుంది. కొలత విషయంలో గొడవలు వచ్చేది గ్లాసులు, డబ్బాల వల్ల. డబ్బాని ఒకసారి కాటా మీద పెట్టి, కిలో బియ్యానికి ఎక్కడిదాకా వస్తుందో పెయింటుతో గీత పెట్టించండి. బస్తా దిగిన రోజే తూకం వేసి, లోటుంటే అప్పుడే రిజిస్టర్‌లో రాయాలి. నెలాఖరున కనిపించిన లోటు మీ లోటే. బస్తాల్ని నేలమీద, గోడకి ఆనించి పెట్టకండి. చెక్క పలకల మీద, గోడకి జానెడు ఎడంగా ఉంచితే చెమ్మ ఎక్కదు, ఎలుక దూరితే కనిపిస్తుంది.

పప్పు నీళ్ళగా ఉందని తల్లిదండ్రులు అన్నప్పుడల్లా పప్పు తగ్గించారనే అనుమానం వస్తుంది. చాలాసార్లు కారణం వేరు. బోరు నీళ్ళు కఠిన జలమైతే కందిపప్పు సరిగా ఉడకదు, ఉడకని పప్పు అడుక్కి చేరుతుంది, పైన తేటే వడ్డిస్తారు. అరగంట నానబెట్టాలి, చింతపండు పులుసూ టమాటాలూ పప్పు మెత్తబడ్డాకే వేయాలి. పులుపు ముందే పడితే గంట ఉడికినా పప్పు గింజ గింజగానే ఉంటుంది. రాగిజావ ఉన్న రోజుల్లో పిండిని చన్నీళ్ళలో కలిపి, ఆ తర్వాతే మరిగే నీళ్ళలో పోయాలి. నేరుగా వేస్తే ఉండలు కట్టి, పిల్లలు ఆ ఉండల్నే గ్లాసు అడుగున వదిలేస్తారు.

గుడ్లు ఆంధ్రలో వారానికి ఐదు, తెలంగాణలో మూడు. ఉడికించే ముందు బకెట్ నీళ్ళలో వేయండి. తేలినవి పక్కన పెట్టి, ఎన్నో రాసి, సప్లయర్‌కి చూపించడానికి ఉంచండి. చల్లటి నీళ్ళలోనే వేసి పొయ్యి వెలిగించాలి. మరిగే నీళ్ళలో వేస్తే పగిలి తెల్లసొన బయటికొస్తుంది. పెంకు మాత్రం పిల్లలతోనే తీయించండి, వేరే పళ్ళెంలో. ఒకటో తరగతికి మూడు నిమిషాలు పడుతుంది, పట్టనివ్వండి.

వడ్డనకి ముందు టీచర్ తిని చూడాలి, రుచి రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి. దీన్ని తంతుగా చేసేవాళ్ళున్నారు. 2013 జూలైలో బీహార్‌లోని ఒక పల్లె బడిలో పురుగుమందు కలిసిన నూనెతో వండిన భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. ఆ సంతకం ఉన్నది అందుకు. తిన్నాక వడ్డనకి మధ్య అరగంట ఎడం ఉండాలి, పళ్ళాలు పరిచాక ఒక మెతుకు నోట్లో వేసుకుంటే లాభం లేదు. నూనె సీసాల దగ్గర ఫినాయిలు, బ్లీచింగ్ సీసాలు పెట్టనివ్వకండి.

చేతులు కడగడం గురించి ఎవరూ లెక్క వేయరు. సబ్బుతో ఒక్కొక్కరికి అరనిమిషం, ఒకే కుళాయి ఉంటే 34 మందికి 17 నిమిషాలు. ఇంత వరసలో నిలబెడితే తోపులాట, నీళ్ళు చల్లుకోవడం, చివరివాళ్ళు సబ్బు తాకకుండా పరుగు. ఒక పీవీసీ పైపుకి నాలుగు ట్యాపులు పెట్టిస్తే నాలుగైదు నిమిషాల్లో అయిపోతుంది, ప్లంబర్‌కి ఒక పూట పని. సబ్బుని పాత సాక్సులో వేసి ట్యాపుకి కట్టండి, జారి కాలవలో పడదు. ముందు ఒకటో తరగతినే పంపాలి. వాళ్ళు నెమ్మదిగా తింటారు.

ఐరన్ మాత్ర, ఈ వయసువాళ్ళకి గులాబి రంగుది, వారానికోసారి భోజనం తర్వాతే. మర్నాడు దొడ్డికి నల్లగా వస్తే భయపడొద్దని తల్లులకి ముందే చెప్పండి, లేకపోతే రెండో వారం నుంచి మాత్ర జేబులోకి, అక్కడినుంచి పొదలోకి పోతుంది. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 నులిపురుగుల రోజుల్లో ఇచ్చే అల్బెండజోల్ 400 మిల్లీగ్రాములది నమిలి మింగాలి, ఎదురుగా నిలబడి నమిలించాలి. జ్వరంగా ఉన్న పిల్లకి ఆ రోజు వద్దు.

మధ్యాహ్నం మొదటి పీరియడ్‌లో లెక్కలు పెట్టకండి. కథ, బొమ్మలు, తాడుకి వేలాడదీసిన పుస్తకాల్లోంచి ఇష్టమైంది తీసుకుని చదవడం, ఆ గంటకి అవే సాగుతాయి. ఇక్కడ ఇద్దరు టీచర్లూ ఐదు తరగతుల్నీ చదివే స్థాయిని బట్టి మళ్ళీ పంచుకోవచ్చు: అక్షరాల దగ్గర ఉన్నవాళ్ళు, పదాలు చదివేవాళ్ళు, పేరా చదివేవాళ్ళు. నాలుగో తరగతి పిల్ల రెండో తరగతి వాళ్ళతో అక్షరాల గుంపులో కూర్చోవాల్సి వస్తే మొదటి వారం సిగ్గుపడుతుంది. గుంపులకి పేర్లు మామిడి, వేప, చింత అని పెట్టండి, ఒకటి రెండు మూడు అని పెట్టొద్దు.

చివరగా అసలు పరీక్ష: ఇద్దరిలో ఒకరు సెలవు, లేదా చుట్టుపక్కల బడుల టీచర్లందరి కాంప్లెక్స్ మీటింగు, లేదా ఎన్నికల పని. ఇలాంటి రోజు నెలకి రెండు మూడుసార్లు ఖాయం కాబట్టి దానికంటూ ఒక రేకు పెట్టె సిద్ధంగా ఉండాలి. అందులో పదాల కార్డులు నలభై, పేరా కార్డులు పదిహేను, ఒకటి నుంచి వంద అంకెల పటాలు నాలుగు, పాచికలు, పుల్లల కట్టలు, చెక్కిన పెన్సిళ్ళు. అందర్నీ వరండాలోకి తెచ్చి రెండో గదికి తాళం వేయండి, ముందు పిల్లల బ్యాగులు బయటికి తెప్పించి. పైన చెప్పిన మూడు గుంపులే. అక్షరాల గుంపు దగ్గర టీచర్ ఉండాలి, మిగతా రెండిటికీ ఐదో తరగతి పిల్లలు నాయకులు. ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు మాత్రమే. అంతకు మించితే వాళ్ళ చదువు పోతుంది, పైగా అరగంట దాటిందంటే చేతిలోకి స్కేలు వస్తుంది. ఫోన్ మోగితే తీయకండి, ఇంటర్వెల్‌లో మాట్లాడొచ్చు. భోజనం మాత్రం ఒక్క నిమిషం కూడా అటూ ఇటూ కాకూడదు, ఆ రోజు పిల్లల్ని పట్టి ఉంచే గడియారం అదే. సాయంత్రం రెండో టీచర్ కోసం ఒక కాగితం ముక్క రాయండి: ఎవరెవరు రాలేదు, ఏ గుంపు ఏ కార్డు దాకా వచ్చింది, బియ్యం ఎంత వాడారు. దాన్ని హాజరుపట్టీలో పెట్టి బీరువా తాళం వేయండి.